బుగతకు చీకటి కావాలి

మొదటి రోజు

ఎండదీపం పొద్దున్నే వేశాను, సాయంత్రం తీసేశాను. తిండి కొంచెం తిన్నాడు. చీకటి లేదు.

మా వదిన ఏళ్ళ తరబడి రోజూ ఈ నాలుగు ముక్కలే గోడకి చెప్పేది. నిన్న ఆవిడ పోయింది కాబట్టి ఇకమీదట నేను చెప్పాలి. నాలుగు ముక్కలతో సరిపెట్టడం నా వల్ల కాదు. నోరు తెరిస్తే మూసుకోవడం నాకు చేతకాదని ఆవిడే అనేది. ఈ గోడ కూడా తక్కువది కాదు. నేను చెప్పిందల్లా బడిపంతులులాగా దిద్ది, పుస్తకాల తెలుగులో ఎక్కించుకుంటుంది. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది. అదీ నయమే.

నా పేరు వరహాలు. అందరూ వరాలు అంటారు. మాది కొండ లోపల తొలిచిన లోపలూరు, ఏడో వరస. మా ఆయన చిన్నంనాయుడు. పోయినావిడ పరదేశమ్మ, మా ఆయనకి సొంత అప్ప, తోడబుట్టిన అక్క. పెళ్ళయి నేను ఈ ఇంట్లోకి వచ్చిన నాటినుంచి ఆవిడా నేనూ కాట్లాడుకోని రోజు లేదు. ఉప్పు దగ్గర మొదలైతే పుట్టింటి దాకా పోయేది. నిన్న ఆవిడ గొంతు ఆగిపోయాక ఇల్లు ఎంత బావురుమందంటే, నేనే వెళ్ళి గిన్నె ఒకటి కావాలని కింద పడేశాను.

బుగత అంటే మా ఇంట్లో తాబేలు. వదిన వాళ్ళ నాన్న పైనుంచి ఈ కొండలోకి దిగేటప్పుడు జేబులో వేసుకుని తెచ్చాడట. రాయెక్కి కూర్చుని, వేళకి తిండి పెట్టించుకుని, మెడ చాచి భూస్వామిలాగా అందరినీ పురమాయిస్తున్నట్టు చూస్తుంది కాబట్టి వదిన దానికి బుగత అని పేరు పెట్టింది. ఆడో మగో ఎవరూ తేల్చలేదు. పనీపాటా లేదు కాబట్టి మగవాడే అని నేను ఖాయం చేశాను.

వదిన ప్రాణం పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. తన పెట్టె గురించి గానీ, తమ్ముడి గురించి గానీ చెబుతుందేమో అనుకున్నాను.

"వరాలూ, రేత్రికి దీపం తీసీడం మర్సిపోకు. పగలెంత ఎలుతురో రేత్రి అంత సీకటి ఉండాల. సీకటి నేకపోతే బుగత బతకడు" అంది.

"అలగేలే వదినా" అన్నాను. అదే ఆఖరి మాట.

ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకునే దారి లేదు. తొట్టి మీది ఎండదీపం నేను తీసేయగలను. ఇంటి కప్పు వెలుతురు తీయలేను. వదిన పోయింది కాబట్టి పదకొండు రోజులు మా వరసలో పొద్దు తీయరు.

రెండో రోజు

ఎండదీపం వేశాను, తీశాను. తిండి సగం వదిలేశాడు. చీకటి లేదు.

మామూలు రోజుల్లో పొద్దున వరస పెద్దాయన మీట నొక్కి పొద్దు వేస్తాడు. అన్ని ఇళ్ళ కప్పులూ ఒక్కసారి వెలుగుతాయి. సాయంత్రం పొద్దు తీస్తాడు, అన్నీ ఆరిపోతాయి. అప్పుడు ఏడో వరసలో మన చెయ్యి మనకి కనబడదు. ఆ చీకట్లోనే బుగత రాయి దిగి, నీళ్ళలో మూలకి పోయి, తల లోపలికి లాక్కుని పడుకునేవాడు. వదిన తడుముకుంటూ వెళ్ళి తొట్టి మీద చెవి పెట్టి, "పడుకున్నాడు" అని నాకు చెప్పేది. నాకెందుకే ఆ సంగతి అని నేను కసిరేదాన్ని.

మనిషి పోతే మాత్రం పొద్దు తీయరు. పైన ఎండకి ఊళ్ళు మాడిపోయి జనం కొండలోకి దిగిన కొత్తలో సొరంగం ఒకటి కూలి కొంతమంది చిక్కుకుపోయారట. ఏడో వరస వాళ్ళు రాత్రనకా పగలనకా దీపాలు ఆర్పకుండా కూర్చుంటే, పదకొండో రోజున ఆ వెలుతురు పట్టుకుని పాక్కుంటూ బయటికి వచ్చారట. అప్పటినుంచి మాకు అదే ఆచారం. పోయిన మనిషి సొరంగాల వెంట కొండెక్కి పైన సూర్యుణ్ణి చేరాలి. పదకొండు రోజుల నడక. వెనక వరసలో ఎక్కడ నీడ పడినా అక్కడ దారి తప్పుతుంది. అందుకని ఆ రోజుల్లో మంచాల కింద సామాన్లు లాగేస్తాం, డబ్బాల మూతలు తెరిచి పెడతాం, కళ్ళ మీద చెయ్యి కూడా వేసుకోం, కావాలని పడుకోం. దీన్నే దారి వెలుతురు అంటాం.

మా అమ్మ పోయినప్పుడు ఈ వరస అంతా నాకోసం అలాగే కూర్చుంది. అది నేను మరిచిపోలేదు. కాని అప్పుడు తాబేలు సంగతి ఎవరు పట్టించుకున్నారు? వదిన ఏం చేసిందో, ఎలా కాపాడిందో అడగనైనా లేదు. అడిగి ఉంటే ఈరోజు పనికొచ్చేది.

నాలుగో రోజు

వేశాను, తీశాను. తిండి ముట్టలేదు. చీకటి కాసేపు.

బుగత నిన్నటినుంచి అద్దాన్ని గీకుతున్నాడు. ఒక మూలకి ఈదుతాడు, గోళ్ళతో బరుకుతాడు, ఇంకో మూలకి పోతాడు. రాయి ఎక్కడం మానేశాడు. నాకు కూడా కళ్ళలో కారం కొట్టినట్టు ఉంది. ఇక ఊరుకోలేక వదిన పాత చీర నాలుగు మడతలు వేసి తొట్టి మీద కప్పేశాను. బరకడం ఆగిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఇంతలోనే వరస పెద్ద దాలినాయుడు మావ పరామర్శకి వచ్చాడు. కూర్చోకుండానే చూశాడు.

"ఏటమ్మా వరాలూ ఇది?"

"తాబేలు తొట్టి మావా."

"తొట్టి నాకూ తెలుసు. గుడ్డేటి?"

"ఆడికి సీకటి కావాల. నేకపోతే సచ్చిపోతాడు. వదినే సెప్పింది, సచ్చిపోతూ సెప్పింది."

ఆయన కోప్పడితే బాగుండేది. నాలుగు దులిపి పంపేదాన్ని. ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు.

"సూడు తల్లీ, మీ వదిన ఈపాటికి నాలుగో మలుపు కాడ ఉంటాది. ఎనక్కి తిరిగి సూసుకుంటాది కదా, మనిల్లు కనబడతందా అని. సొంతింట్లోనే నీడ పడితే ఎలగ? తాబేలంటావా, మొండి పానం. పదకొండు రోజులు ఓర్సుకుంటాది. మనిసి ఒకసారి దారి తప్పిందంటే మరి నేదు."

తనే చీర మడత విప్పకుండా ఎత్తి, నా చేతిలో పెట్టాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. బుగత మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.

అయిదో రోజు

తిండి లేదు. చీకటి లేదు.

ఆరో వరసలో మా తమ్ముడు సింహాద్రి ఉన్నాడు. అక్కడ వేళకి పొద్దు వేస్తారు, వేళకి తీస్తారు. ఈ గోడలోనే దూరంగా ఉన్నవాళ్ళతో కూడా మాట్లాడొచ్చు, వాణ్ణి పిలిచాను.

"ఒరే తమ్మీ, బుగతని ఆరు రోజులు నీకాడ ఉంచుకోరా. బకెట్లో పెట్టి వరస తలుపు కాడికి నాను తెత్తాను, నువ్వు వొచ్చి అందుకో."

"మైల కదప్పా" అన్నాడు.

"తాబేలుకి మైలేటిరా?"

"తాబేలుకి నేదు, నీ సేతికి ఉంది, బకెట్టుకి ఉంది. నాను ముట్టుకుంటే మా వరసోళ్ళు నన్నూ మీ తలుపులోకే తోసీరా? పదకొండో రోజు తానం సేసీ, పొద్దు తీసీగానే నానే వొచ్చి ఎత్తుకెల్తాను. సచ్చిపోడులే. బెంగెట్టుకోకు."

చిన్నప్పుడు వీడికి ముక్కు తుడిచి, లాగు తొడిగింది నేను. ఇప్పుడు నా చెయ్యి వాడికి పనికిరాలేదు. నాలుగు తిట్టాను. తిట్టి ఏం లాభం? వాడి చోట నేనున్నా అదే మాట అనేదాన్ని.

ఏడో రోజు

వేశాను, తీశాను. తిండి బాగా తిన్నాడు! చీకటి ఉంది. ఎక్కడ అని అడగొద్దు.

గోడకైనా చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. వంటమూల రాగులు పోసుకునే చోళ్ళ డబ్బా ఖాళీగా ఉంది. అడుగున తడిగుడ్డ పరిచి, గాలికి మూత అంచు సందు పెట్టి, మా ఆయన కునుకు తీస్తున్నప్పుడు బుగతని అందులో కూర్చోబెట్టాను. మీద చేట వేశాను, చేట మీద అల్లం, వెల్లుల్లి పెట్టాను. ఎవరైనా చూస్తే చేట కనబడుతుంది గానీ మూత కనబడదు. పొద్దువేళకి తీసి తొట్టిలో వదిలాను. నిన్న అలాగే చేశాను, ఈరోజు కూడా చేశాను. ఈరోజు పొద్దున వాడు రాయెక్కి, నాలుగు కాళ్ళూ బార్లా చాపి, మెడ చాచి నన్ను చూశాడు. నాలుగు ఎండు రొయ్యలు పెడితే నాలుగూ తిని ఇంకా ఏవి అన్నట్టు చూశాడు.

"తిను నాయినా తిను, నీ బుగతతనం సల్లగుండ" అన్నాను.

మా వదిన ఎన్ని దొంగతనాలు నాకు అంటగట్టిందో. పంచదార తిన్నానని, నూనె దాచానని. ఒక్కటీ నేను చెయ్యలేదు. ఇప్పుడు ఆవిడ తాబేలు కోసమే ఆవిడ కళ్ళుగప్పి దొంగతనం చేస్తున్నాను. ఒక్కోసారి భయం వేస్తోంది. నిజంగానే ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే, మా వంటమూల నల్లగా కనబడుతుందేమో. కనబడితే మాత్రం అది ఎందుకో ఆవిడకి తెలియదా? ఆవిడ చెప్పిందే నేను చేస్తున్నాను. అలా అని సర్ది చెప్పుకుంటున్నాను.

పక్కింటి టైలరు అప్పన్నకి జ్వరం. ఈ ఏడు పట్టుకున్న పొడిదగ్గే, మా వదినని తీసుకుపోయినదే. పాపం, దగ్గుతూనే గోడకి చేరబడి కూర్చున్నాడు. కాస్త కళ్ళు మూసుకో అని వాళ్ళావిడ అంటే, "పరదేశమ్మప్ప నాకు రెండు సొక్కాల గుడ్డ ఊరికే ఇచ్చింది, ఆవిడకి నాను కళ్ళు మూస్తానా" అన్నాడట.

తొమ్మిదో రోజు

ఈరోజు ఏమి చెప్పాలో తెలియడం లేదు. చెప్పేస్తాను.

నేను మంచం మీద ఒరిగాను. నిద్ర కాదు, ఈ వెలుతురులో నిద్ర ఎక్కడ, ఒళ్ళు తెలియని మత్తు. ఏదో ఏడుపు వినబడి లేచాను. మా ఆయన వంటమూల నేల మీద కూర్చుని ఉన్నాడు. చేట పక్కన పడి ఉంది, అల్లం అంతా చెల్లాచెదురుగా ఉంది. డబ్బా మూత ఆయన చేతిలో ఉంది. లోపల బుగత గుడ్డని గీకుతున్నాడు.

"నాను అప్పనుకున్నాను" అన్నాడు.

"ఏటి?"

"ఇందాకట్నుంచి గీరుతున్న సప్పుడు. సొరంగంలో ఎక్కడో అప్ప దారి తెలీక గోడ గీరతందనుకున్నాను. ఎతుక్కుంటూ ఎతుక్కుంటూ వొచ్చినాను. మనింట్లోంచే వొస్తంది. మూత తీసినాను. నోపల సీకటి."

నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆయన ఒక్క మాట తిట్టలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి ఏడవడం నేను చూడలేదు, వాళ్ళప్ప పోయిన రోజు కూడా ఏడవలేదు. ఇప్పుడు పిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"అమ్మ పోయినాక నన్ను ఎత్తుకుని పెంచింది అదే. అన్నం తినిపించింది అదే. దానికి నాను సెయ్యగలిగింది ఈ పదకొండు రోజుల ఎలుతురేనే వరాలూ. అదీ సరిగ్గా ఇవ్వనేదు. ఇంకెన్నాళ్ళు, రెండు రోజులు. రెండు రోజులు ఓర్సుకోలేవా?"

"నాను ఓర్సుకుంటాను. ఆడు ఓర్సుకోవాల కదా" అన్నాను.

నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "మరి సెయ్యనని సెప్పు" అన్నాడు.

చెప్పాను. ఏం చెయ్యను? ఒకవైపు పోయినావిడ మాట, ఒకవైపు ఉన్నాయన నెత్తి. బుగతని తొట్టిలో వదిలాను. రెండు రోజులే కదా అనుకున్నాను.

పదకొండో రోజు

తిండి లేదు. చీకటి లేదు. ఇంకా పదకొండు రోజులు లేదు.

పొద్దున అందరం స్నానాలు చేశాం. సాయంత్రం పొద్దు తీస్తారని వరసంతా పండగలా ఎదురుచూసింది. పిల్లలు అప్పుడే పక్కలు పరిచేసుకున్నారు. మా తమ్ముడు గోడలో పిలిచి, బకెట్టు కడిగి పెట్టుకున్నాను అప్పా అన్నాడు. సరిగ్గా పొద్దు తీసే వేళకి పక్కింట్లోంచి అప్పన్న పెళ్ళాం కేక వినబడింది.

వరస తలుపు మళ్ళీ మూశారు. మైల వరస మొత్తానికి. దాలినాయుడు మావ మీట మీద వేసిన చెయ్యి తీసేశాడు.

నేను మా ఆయనతో అన్నాను. "నీ అప్ప సేరిపోయింది కదా. ఇంక నా ఒట్టు తీరిపోయింది. ఇయ్యాల్టినుంచి డబ్బాలో పెడతాను."

"అప్పన్న జొరంతో కూకుని మన అప్పకి కళ్ళు ముయ్యనేదే" అన్నాడాయన. "మనం ఆడికి మూద్దామా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలవాళ్ళెవరైనా ఉంటే వచ్చి చెప్పండి. నా వల్ల కాలేదు. అప్పన్న పెళ్ళాం అవతల గోడకి తల కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వింటూ నేను డబ్బా మూత వెయ్యగలనా? వెయ్యలేకపోయాను.

అప్పన్న పోయిన నాలుగో రోజు

వాడి కళ్ళు వాచాయి. రెప్పలు ఉబ్బి సగమే తెరుచుకుంటున్నాయి. గీకడం మానేశాడు. గీకినన్నాళ్ళూ చెవులు మూసుకునేదాన్ని, ఇప్పుడు ఒక్కసారి గీకితే బాగుండును అనిపిస్తోంది.

గోడలో జంతువుల వైద్యురాలిని పట్టుకున్నాను. ఎక్కడో మూడో వరసలో ఉంటుంది, చిన్న గొంతు. బుగతని గోడకి చూపించాను. ఎండదీపం ఎంతసేపు వేస్తున్నారు అంది, చెప్పాను. నీళ్ళ వేడి అడిగింది, చెప్పాను. చీకటి ఎంతసేపు అంది. లేదు అన్నాను. ఎన్నాళ్ళ నుంచి అంది. చెప్పాను.

"అమ్మా, మందులు నేవు. సీకటి ఇవ్వండి. నిద్దరుంటే అదే తేరుకుంటాది."

"సీకటి నా సేతిలో ఉంటే నీకాడికెందుకొత్తాను తల్లీ?"

"మీ కళ్ళు కూడా బాగా ఎర్రగున్నాయమ్మా" అంది. "మీకూ అదే మందు."

అప్పన్న పోయిన ఏడో రోజు

ఈరోజు దాలినాయుడు మావ ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన భార్య సూరమ్మత్త మూల కూర్చుని దగ్గుతోంది. ఆవిడ ముందే అడిగేశాను.

"మావా, అప్పన్నని సంపింది జొరం కాదు. నిద్దర నేకపోడం. మా వదిన ఎలుతురే ఆడిని తినీసింది. ఇప్పుడు ఆడి ఎలుతురు ఇంకొకరిని తింటాది. ఒక్క పూట పొద్దు తీసీ. ఒక్క పూట. మడుసులు పడుకుంటారు, నా బుగతా పడుకుంటాడు."

"అలగనకు తల్లీ. తప్పు" అన్నాడు.

"తప్పయితే నా మీద ఏసీ. నరకానికి నాను పోతాను."

"నువ్వు పోడానికి ఒప్పుకుంటావు. అప్పన్న పోడానికి ఎవులొప్పుకుంటారు? ఆడి పెళ్ళాన్నడుగు. ఆవిడ సరేనంటే ఇప్పుడే తీసీస్తాను, ఒట్టు."

అన్యాయం మాట కాదు. అదే నా బాధ. ఈ వరసలో దుర్మార్గుడంటూ ఒక్కడు దొరికితే వాడి జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. అందరూ మంచివాళ్ళే. అప్పన్న పెళ్ళాం దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని, రెప్ప వెయ్యకుండా కప్పు వెలుతురు వంక చూస్తోంది. నన్ను చూసి, "మా ఆయన ఏడో మలుపు దాటుంటాడు కదప్పా" అంది. దాటే ఉంటాడు అని చెప్పి వచ్చేశాను.

వస్తుంటే సూరమ్మత్త వెనకాలే గోడ పట్టుకుంటూ వచ్చింది. "నానూ ఒక పాలి పడుకోవాలనుంది వరాలూ" అంది మెల్లిగా. "ఆయనకి సెప్పకు."

అప్పన్న పోయిన పదో రోజు

సూరమ్మత్త పోయింది.

బుగత ఒక పక్కకి ఒరిగి తేలుతున్నాడు. మునగాలని చూస్తాడు, మునగలేడు. ముక్కు దగ్గర చిన్న బుడగలు వస్తున్నాయి. అరచేతిలో ఎత్తిపెట్టి కాసేపు నిటారుగా పట్టుకున్నాను. చెయ్యి తియ్యగానే మళ్ళీ ఒరిగిపోయాడు.

సూరమ్మత్త పోయిన మూడో రోజు

ఎండదీపం వేళకి వేశాను, వేళకి తీశాను. తీసినా వేసినా ఒకటే వెలుతురు అని తెలుసు. అయినా తీస్తున్నాను. నా చేతిలో ఉన్నది ఆ మీట ఒక్కటే.

మా ఆయన ఈరోజు తొట్టి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. తోటకూర సన్నగా తుంచి వాడి నోటి ముందు పెట్టాడు. వాడు నోరు తెరవలేదు.

"డబ్బాలో పెట్టీవే" అన్నాడు నా వంక చూడకుండా. "నాను వరస సివర కూకుంటాను. నాకు తెలీదు."

ఆ మాట అనడానికి ఆయన ఎంత కోసుకున్నాడో నాకు తెలుసు. ఎవరికోసమైనా ఆచారం తప్పని మనిషి. వెంటనే తడిగుడ్డ పరిచి, బుగతని డబ్బాలో పెట్టాను. మూత వేసి, మీద నా చేతులు వేసుకుని కూర్చున్నాను. లోపల బుడగల చప్పుడు వినబడుతోంది. ఊపిరి అందక మెడ పైకి చాస్తున్నాడేమోనని మూత తీసి చూస్తాను. అంతలోనే వెలుతురు పడుతోందని మళ్ళీ వేస్తాను. ఎన్నిసార్లు తీశానో, ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. ఆ చీకటి ముందే ఇచ్చి ఉంటే పనిచేసేది. ఇప్పుడు వాడు నిద్రపోయే స్థితిలో లేడు.

సూరమ్మత్త పోయిన పదో రోజు

ఇన్ని రోజులు నేను గోడ దగ్గరికి రాలేదు. చెప్పడానికి కొత్త సంగతి లేక రాలేదు.

పొద్దున చూసేసరికి బుగత డబ్బాలో మెడ బయటికి చాచి, తడిగుడ్డ మీద తల ఆన్చి ఉన్నాడు. తట్టాను, కదల్లేదు. తొట్టిలో పెడితే అడుగుకి పోయాడు. ఈమధ్య మునగడానికి అంత కష్టపడినవాడు రాయిలా అడుగుకి పోయాడు. అప్పుడు తెలిసింది.

వదినా, నువ్వు చెప్పిన పని ఒక్కటి, అదీ నా వల్ల కాలేదు. నువ్వుంటే ఈపాటికి నన్ను ఊరేగించేదానివి. అరిచి చంపు, పడతాను. ఒక్కసారి వచ్చి అరిచిపో.

మా ఆయన బుగతని నీళ్ళలోంచి తీసి, డిప్ప మీది నాచు గుడ్డతో తుడిచాడు. సంగతి గోడలగుండా పాకిపోయింది కాబోలు, మధ్యాహ్నానికి గుమ్మం ముందు జనం చేరారు. ముందు దాలినాయుడు మావ ఉన్నాడు. సూరమ్మత్త పోయాక మనిషి సగమయ్యాడు, తలగుడ్డ నిలవడం లేదు. వెనక అప్పన్న పెళ్ళాం, ఇంకా ఏడెనిమిదిమంది. అందరి కళ్ళూ మిరపపళ్ళలా ఉన్నాయి. నాలుగో ఇంటి కోడలు చంకలో పిల్లని వేసుకుని వచ్చింది. ఆ పిల్ల దగ్గుతోంది.

"తల్లీ" అన్నాడు మావ. "ఆ రోజు తొట్టి మీద గుడ్డ నా సేత్తో తీసినాను. మొండి పానం, ఓర్సుకుంటాదన్నాను. అది నా గుండెల్లో ముల్లులాగుంది. మా ముసల్ది పోయినాకే తెలిసింది, ఇంట్లో తిరిగిన పానం పోతే ఎలగుంటాదో."

నేను బుగతని మా ఆయన చేతుల్లోంచి తీసుకున్నాను.

"అందరం కూకుని మాటాడుకున్నాం. పరదేశమ్మకి పిల్లానేదు మేకానేదు, బిడ్డలాగ సాకింది దాన్నే. అది మన వరసలో పెరిగింది, మనతోపాటు మూడు సావులకీ మేలుకుంది. మనిసైతే అంతకంటే సేత్తాడా? దాన్ని వొట్టి సీకట్లో పంపం. రేపు తియ్యవలసిన పొద్దు తియ్యం. దానికీ పదకొండు రోజులు దారి ఎలుతురు పెడతాం."

రేపు పొద్దు తీస్తే నెల దాటాక వీళ్ళు మొదటిసారి పడుకుంటారు. ఆ నిద్రే నా తాబేలుకి ఇచ్చేస్తున్నారు. వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఉన్నది అంతే.

"ఒద్దు మావా" అన్నాను. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒద్దు. ఆడికి ఎలుతురు ఒద్దు. పిల్ల దగ్గుతంది, సూడండి. పొద్దు తీసీండి."

"మొగమాటపడకమ్మా" అన్నాడు మావ.

"మొగమాటం కాదు మావా!"

"మాకు కష్టమని నీకు తెలుసు, అందుకే ఒద్దంటన్నావు. మన వరసలో ఎవులికీ తక్కువ సెయ్యనేదు, దానికీ సెయ్యం." అప్పన్న పెళ్ళాం వచ్చి నన్ను కావిలించుకుంది. "మా ఆయనకి నువ్వు మేలుకున్నావప్పా, నీ తాబేలుకి నాను మేలుకుంటాను" అని ఏడ్చింది. నాలుగో ఇంటి కోడలు పిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, ఔనన్నట్టు తల ఊపింది. నేను అరవాలనుకున్నాను. ఇంత నోరున్నదాన్ని, ఆవిడ చేతుల్లో ఒక్క మాట పెగల్లేదు.

మా ఆయన రెండు చేతులూ ఎత్తి వాళ్ళందరికీ దండం పెట్టాడు. "మా అప్ప సంతోసిత్తాది" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను బుగతని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళ మీద వెలుతురు పడకుండా కొంగు కప్పాను. మా ఆయన చూశాడు. కాసేపు అలాగే ఉండనిచ్చాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లని లేపకుండా దుప్పటి తీసినట్టు, ఆ కొంగు తీసేశాడు.

"దారి కనబడాల కదే" అన్నాడు.

నేను ఆపలేదు.